ఎర్రబడని చర్మం

బ్రిటన్‌లో చాలా ఆసుపత్రుల్లో రేడియేషన్ ముగిసిన రోజున రోగి చేత గంట కొట్టిస్తారు. రొమ్ము క్యాన్సర్ విషయంలో ఆ గంట చర్మానికి కాస్త ముందే మోగుతుంది. మంట, నలుపెక్కడం, పొరలూడటం చివరి విడత అయ్యాక ఒకటి రెండు వారాలకు గానీ తారస్థాయికి చేరవు. 2020లో ఫాస్ట్-ఫార్వర్డ్ పరిశోధన ఫలితాలు వచ్చాక ఇక్కడ చాలామందికి మూడు వారాల్లో 15 విడతలకు బదులు ఒకే వారంలో 5 విడతలు ఇస్తున్నారు. మంచి మార్పే, చర్మం మీద దెబ్బ కూడా తగ్గింది. అయితే ఆ కాస్త దెబ్బా బయటపడేసరికి రోజూ చూసే రేడియోగ్రాఫర్ ఎదురుగా ఉండరు. ఇక ఏడాదికోసారి మామోగ్రామ్, మధ్యలో ఏదైనా ఉంటే మీరే ఫోన్ చేయండి అన్న పద్ధతి. అంటే రోగి నోరు విప్పితేనే వైద్యం కదులుతుంది. ఈ ఏర్పాటులో మన ఆడవాళ్ల చర్మబాధ ఎవరి కంటా పడకుండా పోతుందన్నది నా అభిప్రాయం. అందుకు మొహమాటం ఒక కారణమైతే, ఒంటి రంగు మరొకటి.

రంగు సంగతి పెద్దది. రేడియేషన్ దెబ్బను కొలిచే ప్రామాణిక కొలమానం లేత ఎరుపుతో మొదలవుతుంది. చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగా కనపడదు. చర్మం ఊదాగానో, ముదురు గోధుమగానో, బూడిదగానో మారుతుంది. ఎరుపు కోసం వెతికే కన్ను ‘బాగానే ఉంది’ అని రాసేస్తుంది. ఇది అందానికి సంబంధించిన గొడవ కాదు. చంకలో గ్రంథులు తీసేసిన వైపు చేతికి సెల్యులైటిస్ అనే చర్మపు ఇన్ఫెక్షన్ సోకితే వేడి, వాపు, జ్వరంతో పాటు ఎరుపునే ముఖ్య లక్షణంగా చెబుతారు. అదే రోజు యాంటీబయాటిక్ మొదలుపెట్టాల్సిన జబ్బది. రేడియేషన్ పడిన చోట ఏళ్ల తర్వాత అరుదుగా వచ్చే యాంజియోసార్కోమా అనే క్యాన్సర్ కూడా మొదట్లో కమిలిన మచ్చలా ఉంటుంది. మన చర్మం మీద దాన్ని మామూలు మచ్చ అనుకోవడం మరీ తేలిక.

‘ప్రాణం దక్కింది, చర్మం గురించి ఇంత రాద్ధాంతమా’ అని ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి రోగి కూడా అంటారు. ప్రాణం దక్కిన మాట నిజమే. కానీ చాలామంది లెట్రొజోల్ లాంటి హార్మోన్ మాత్రలు అయిదేళ్లో, అంతకు మించో వేసుకోవాలి. వాటితో కొందరికి చర్మం పొడిబారి దురద పెడుతుంది. నిద్ర పట్టనివ్వని దురదను ఎవరూ పట్టించుకోకపోతే కొందరు ఆ మాత్రే మానేయవచ్చు. మరోవైపు ఫోన్లో అమ్మ, అత్తగారు పసుపు రాయమంటారు. పసుపును తీసిపారేయలేదు శాస్త్రం, పరీక్షించింది. అమెరికాలో 30 మందితో చేసిన మొదటి ప్రయత్నంలో నోటి ద్వారా ఇచ్చిన, పసుపులో ఉండే కర్కుమిన్ ఆశ కలిగించింది. 686 మందితో మళ్లీ చూస్తే రేడియేషన్ మంటను తగ్గించలేదని 2018లో తేలింది. పై పూతగా పసుపు కొందరికి అలర్జీ తెస్తుంది, పైగా కింద మారుతున్న రంగును కప్పేస్తుంది. సబ్బు ముట్టుకోవద్దన్న పాత ఆంక్షకూ ఆధారం నిలవలేదు. ఘాటులేని సబ్బుతో కడిగి, మెత్తగా అద్ది, వాసన లేని క్రీము రాస్తే చాలు. చర్మం చిట్లితే మాత్రం ఏం రాయాలో నర్సు చెప్పాలి. మంగళసూత్రం, బిగుతు జాకెట్టు అంచు ఒరుసుకునే చోటు పచ్చిగా ఉన్నన్నాళ్లు వాటిని పక్కన పెడితే ఏ దేవుడూ కోపగించుకోడు.

ఇంగ్లిష్ సరిగా రాదు, ఏమని చెప్పాలి అనే పెద్దవాళ్లున్నారు. రోగం పేరు అక్కర్లేదు: ముందు నా ఒంటి రంగు ఇది, ఇప్పుడిలా మారింది, వేడిగా ఉంది, బిగుసుకుంది, ఎప్పటినుంచి అని చెబితే సరిపోతుంది. రెండు రొమ్ములూ ఒకే వెలుతురులో పడేలా తీసిన ఫొటో పది మాటల పెట్టు. కొడుకునో అల్లుడినో దుబాసీగా కూర్చోబెట్టుకుంటే ఈ మాటల్లో సగం గొంతు దాటవు. ఎన్‌హెచ్‌ఎస్‌లో అడిగితే దుబాసీని ఉచితంగానే ఏర్పాటు చేస్తారు; ఆడమనిషే కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పవచ్చు.