నా ఇంట్లో నేను లిమిటెడా!

మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది 2004 దసరాకి. అసెంబుల్డ్ సెట్టు. బీరువా పక్కన టేబుల్ వేసి, అత్తయ్యగారు అల్లిన లేసుగుడ్డ పరిచి, మానిటర్‌కి పసుపూ కుంకుమా పెట్టాం. షాపు కుర్రాడు విండోస్ ఎక్స్‌పీ ఎక్కిస్తూ ‘ఎవరి పేరు పెట్టమంటారండీ?’ అన్నాడు. పెద్దవాళ్లం మొహాలు చూసుకునేలోపే తొమ్మిదో తరగతి చదివే మావాడు తన పేరు చెప్పేశాడు. ఆ ఒక్క మాటతో ఇంటి పెత్తనం వాడి చేతిలోకి వెళ్లిపోయిందని మాకప్పుడు తెలీదు.

నెల తిరక్కుండానే గొడవలు. వాడు పెట్టిన సినిమా హీరో బొమ్మ మామయ్యగారికి నచ్చదు. నేను టైపు చేసుకున్న స్కూలు ప్రశ్నపత్రం మర్నాటికి ఎక్కడుందో కనిపించదు. మావారు విసుక్కుంటే, మావాడు కంట్రోల్ ప్యానెల్ తెరిచి అందరికీ తలా ఒక యూజర్ ఎకౌంటు చేసిచ్చాడు. ఇక ఎవరి డెస్క్‌టాప్ వాళ్లది, ఎవరి ఫైళ్లు వాళ్లవి.

మౌస్ ముట్టని అత్తయ్యగారు కూడా వచ్చి ‘నా పేరేదిరా?’ అని నిలదీశారు. రేషన్ కార్డులో పేరు లేకపోతే ఎంత బాధో, ఆ నీలం తెర మీద లేకపోయినా అంతేనన్న మాట. ఆవిడ ఎర్రపువ్వు బొమ్మ ఎంచుకున్నారు. మామయ్యగారు చదరంగం పావులు. నాకు బాతు మిగిలింది.

అసలు రభస పంచాంగం సీడీతో మొదలైంది. మామయ్యగారు ముచ్చటపడి కొనుక్కొచ్చి పెడితే, మీకు అనుమతి లేదు పొమ్మంది కంప్యూటర్. ఎక్స్‌పీలో మొదటి ఎకౌంటు తప్పనిసరిగా ‘అడ్మినిస్ట్రేటర్’ అవుతుంది. తర్వాతి వాళ్లని అలాగే ఉంచాలా, ‘లిమిటెడ్’ చేయాలా అన్నది ఆ అడ్మినిస్ట్రేటర్ ఇష్టం. మావాడు మమ్మల్నందరినీ లిమిటెడ్‌లో పడేశాడు.

‘కరెంటు బిల్లు నా పేరు మీద, ఇంటిపన్ను నా పేరు మీద. నా ఇంట్లో నేను లిమిటెడా!’ అంటూ ఆయన ఆ పూట భోజనానికి కూడా రాలేదు. వాడి వాదన వాడిది. తాతయ్య తెర మీద ఏది కనిపిస్తే అది నొక్కేస్తారు, అడ్మినిస్ట్రేటర్‌గా ఉండి నొక్కితే వైరస్ మొత్తం మెషీన్‌కి పడుతుందని. నిజానికి వాడిదే రైటు. కానీ ఆ మాట మామగారి ముందు అనగలనా?

లోపల్లోపల ఇదంతా గ్రూపుల లెక్కేనట. ఒక్కొక్కరికీ విడిగా హక్కులు రాయకుండా అడ్మినిస్ట్రేటర్స్, యూజర్స్, గెస్ట్స్ అని గుంపులు కడతారు. ఏ గుంపులో చేర్చితే ఆ గుంపు హక్కులే. ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసినదాన్ని, నాకిది కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. చివరికి పంచాంగం మావాడే ఎక్కించి ఇచ్చాడు. మామయ్యగారు మాత్రం పంతంగా పాస్‌వర్డ్ పెట్టుకున్నారు. తలుపులకి గడియలే వేయని ఇంట్లో అది మొదటి తాళం.

2009లో మామయ్యగారు పోయారు. నెల మాసికం అయ్యాక ఆయన ఎకౌంటు తీసేద్దామన్నారు మావారు. రోజూ ఆ చదరంగం పావులు కనిపిస్తుంటే చూడలేకపోతున్నారు. అప్పటికి ఇంజినీరింగులో ఉన్న మావాడు ‘తీసేసేటప్పుడు ఫైళ్లు ఉంచమంటే డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్ మాత్రమే మిగుల్తాయి నాన్నా. మెయిళ్లు పోతాయి’ అన్నాడు.

‘మరి నువ్వు తెరవలేవా?’

‘నిమిషం పని. అడ్మినిస్ట్రేటర్‌ని కదా, పాస్‌వర్డ్ మార్చేయొచ్చు. మొదట్నుంచీ వీలుంది. ఎప్పుడూ చేయలేదు.’

ఆ మాట విని నేను వాడివైపు కొత్తగా చూశాను. ఐదేళ్లు ఇంటి తాళాలన్నీ వాడి జేబులోనే ఉన్నాయి మరి.

‘తాళం పగలగొట్టొద్దు’ అన్నారు అత్తయ్యగారు.

పేరు పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కితే మామయ్యగారు రాసుకున్న క్లూ కనిపించింది. ‘ఫస్ట్ శాలరీ’. ఆయన టీచరుగా చేరింది 1961లో. ‘తొంభై రెండు రూపాయలు’ అన్నారు మావారు, చిన్నప్పట్నుంచీ విన్న కథే కదా. కొడితే రాలేదు. అత్తయ్యగారు కళ్లు మూసుకుని కాసేపు లెక్క కట్టి, ‘చేతికొచ్చింది ఎనభై తొమ్మిది. మూడు రూపాయలు పట్టుకున్నారు’ అన్నారు. ఎనిమిది, తొమ్మిది. తెరుచుకుంది.

అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో, పంపకుండా దాచిన వాటిలో పదకొండు ఉత్తరాలున్నాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో కూడబలుక్కుని రాసిన తెలుగు. పది మస్కట్‌లో ఉన్న మా ఆడపడుచుకి. ఒకటి మావారికి. ఒకే ఇంట్లో, రోజూ ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగే కొడుక్కి!

మేమంతా వంటింట్లోకి వచ్చేశాం. మావారు చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. అందులో ఏముందో ఆయన ఇప్పటిదాకా చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఎకౌంటు మాత్రం తీయలేదు. 2014 ఏప్రిల్‌లో ఎక్స్‌పీకి కంపెనీ సపోర్టు ఆపేశాక కొత్త కంప్యూటర్ కొన్నాం. పాతదాని హార్డ్ డిస్క్ బీరువాలో, మామయ్యగారి కళ్లజోడు పక్కన పెట్టాం. కొత్తదాంట్లో మావాడు మళ్లీ అందరి ఎకౌంట్లూ చేస్తుంటే అత్తయ్యగారు వెనకాల నిలబడి ‘నా పువ్వేదిరా?’ అన్నారు. ఎక్స్‌పీలోని ఆ పువ్వు ఇందులో లేదు. వాడు పెరట్లోకి వెళ్లి మందారాన్ని ఫొటో తీసుకొచ్చి పెట్టాడు.

‘పాస్‌వర్డ్ పెట్టనా నాయనమ్మా?’

‘పెట్టు. ఏమిటో మాత్రం నీక్కూడా చెప్పను’ అన్నారావిడ, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.