పసుపు ప్లేటు హిసాబ్

టాక్సీల రిజిస్ట్రేషన్ ఫీజు దేశమంతా ఒకటే చేయాలని తరచూ వింటుంటాం. ఫీజు ఎప్పటినుంచో ఒకటే భాయ్! కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 81వ రూల్ ఉంది. 2016 డిసెంబరు సవరణ ప్రకారం సొంత కారుకు 600, కిరాయి కారుకు 1000 రూపాయలు. కర్నూలైనా కాన్పూరైనా అంతే. సర్వీసు చార్జీలు వేరే.

తేడా అంతా టాక్సులో. వాహనాల చట్టం ఉమ్మడి జాబితాది, పన్ను మాత్రం రాష్ట్రాల జాబితాలో 57వ అంశం. పన్ను వేసే ఉసూల్ ఎలా ఉండాలో చెప్పే ఇఖ్తియార్ 35వ అంశం కింద పార్లమెంటుకూ ఉంది. ఎంత వసూలు చేయాలన్నది రాష్ట్రం మర్జీ.

కర్నూల్లో మా ఖాలాజాద్ భాయి కారు నడుపుతాడు. అతని రోజీ సగం హైదరాబాద్ సవారీలే: ఆసుపత్రులు, శంషాబాద్ ఎయిర్‌పోర్టు. రాష్ట్రం రెండైంది. 2015 ఏప్రిల్ నుంచి అటూ ఇటూ ఎంట్రీ టాక్సు మొదలైంది. తుంగభద్ర వంతెన దాటితే సర్‌హద్! మా నానీ ఊరు అలంపూర్ వైపు. పండక్కి అమ్మీని, ఖాలాని ఎక్కించుకుని బయల్దేరినా పసుపు ప్లేటు చూసి ఆపేవారు. సొంత అమ్మని తీసుకెళ్తున్నానంటే నమ్మేదెవరు? తెల్ల ప్లేటుతో చాటుగా కిరాయి తిప్పేవాడు మాత్రం మజాగా దాటిపోయేవాడు. నాకు కోపం వచ్చేది అక్కడే.

తర్వాత ఖాలూ మంచాన పడ్డారు. బండి నాలుగు నెలలు కదల్లేదు, ఫిట్‌నెస్ గడువు దాటిపోయింది. అదే 81వ రూల్లో ఆలస్యానికి రోజుకు 50 రూపాయలు. 120 రోజులకు 6000. రిజిస్ట్రేషన్ ఫీజుకు ఆరింతలు! దరఖాస్తు, జరిమానా, వసూలు, రసీదు... కౌంటరు దగ్గర వినబడేవన్నీ మా ఉర్దూ బడి మాటలే. అక్కడ మాత్రం చెవికి చేదు.

2021 ఏప్రిల్ నుంచి ఆలిండియా టూరిస్టు పర్మిట్ ఆన్‌లైన్‌లో వచ్చింది. ఒకచోట కడితే రాష్ట్రాలకు పంచుతారు. మూడు నెలలకైనా తీసుకోవచ్చు. మంచి పనే. కానీ నెలకు నాలుగుసార్లు నది దాటేవాడికీ, రోజూ దేశం చుట్టేవాడికీ ఒకే లెక్క. పొరుగు రాష్ట్రాలు రెండూ కూర్చుని ఒకరి టాక్సీని ఇంకొకరు ఒప్పుకుంటే ఈ బోఝా చాలా దిగుతుంది. ఫిట్‌నెస్ జరిమానాకు ఒక హద్దు పెట్టాలి, బీమారీకి మినహాయింపూ ఉండాలి.

“మాఫీ నక్కో భయ్యా, ఎంత కట్టాలో ముందే చెప్తే చాలు” అంటాడు మావాడు. ఈసారి రంజాన్ నెలలోనే పర్మిట్ కట్టేశాడు. షవ్వాల్‌లో షాదీ సవారీలున్నాయి, రెండు అలంపూర్ వైపే.