బాన్సువాడలో ముప్పై రోజుల లెక్క

బాన్సువాడ చుట్టూ ఎటు చూసినా నిజాంసాగర్ కాలువ కింద పండే వరిమళ్లే. నేను వచ్చింది మాత్రం ఊళ్లో ఉన్న ప్రభుత్వ మాతా శిశు ఆసుపత్రికి. ఒంట్లో కొత్త రక్తనాళాలు ఎందుకు పుడతాయి, ఎవరు ఆపితే ఆగుతాయి అన్న ప్రశ్న మీద అర్ధ శతాబ్దంగా ప్రయోగశాలల్లో పని సాగుతోంది. ఆ పని ఇలాంటి చిన్న పట్టణంలో పుట్టే బిడ్డకు ఎంతవరకు అందుతుందో చూడాలనిపించింది.

వరండాలో ఒక అవ్వ మనవణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంది.

“నెలలు నిండకముందే పుట్టిండు సారూ. రెండు కిలోలు గూడ లేకుండె. ఇప్పుడు పాలు మంచిగ తాగుతుండు.”

“కండ్లు చూపించిండ్రా అవ్వా?”

“కండ్లకేమైంది? మంచిగనే తెరుస్తుండు గదా!”

చిక్కంతా ఆ జవాబులోనే ఉంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల రెటీనాకు వచ్చే జబ్బు మొదట్లో పైకి కనిపించదు.

కంటి వెనక ఉండే రెటీనాలో రక్తనాళాలు గర్భంలో పదహారో వారం ప్రాంతంలో మొదలై, నడిమి నుంచి అంచులకు పాకుతాయి. ముక్కు వైపు అంచుకు ముప్పై ఆరో వారానికి, చెవి వైపు అంచుకు నలభయ్యో వారానికి చేరతాయి. బిడ్డ ముందే పుడితే ఆ ప్రయాణం సగంలో ఉంటుంది. గర్భంలో కంటే బయట ఆక్సిజన్ ఎక్కువ. వైద్యం కోసం ఇచ్చే ఆక్సిజన్ మోతాదు మించితే నాళాల పెరుగుదల నిలిచిపోతుంది. కొన్ని వారాలకు రెటీనా ఎదిగి ఆక్సిజన్ కోసం అల్లాడుతుంది. అప్పుడు దాని కణాలు వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను విపరీతంగా వదులుతాయి. నీరందని చివరి ఆయకట్టు రైతులు కాలువకు ఎక్కడపడితే అక్కడ గండి కొట్టినట్టు, నాళాలు అడ్డదిడ్డంగా మొలుస్తాయి. అవి బలహీనమైనవి. రక్తం కారుస్తాయి, మచ్చకట్టి రెటీనాను ఊడలాగుతాయి. రెటీనా పూర్తిగా ఊడితే చూపు దాదాపు తిరిగిరాదు.

ఇలా కొత్త నాళాలు పుట్టడం కంటికే పరిమితం కాదు. కణితులు కూడా కొత్త నాళాలను రప్పించుకునే బతుకుతాయని శాస్త్రవేత్త జూడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించారు. వీఈజీఎఫ్ జన్యువును నెపోలియోన్ ఫెరారా బృందం 1989లో విడదీసింది. ఆక్సిజన్ తగ్గిన సంగతిని కణం ఎలా పసిగడుతుందో తేల్చిన ముగ్గురికి 2019లో నోబెల్ వచ్చింది. నాళాలను ఆపే శక్తులు మన ఒంట్లోనే ఉన్నాయి. కొలాజెన్ ప్రొటీన్ ముక్కలైన టమ్‌స్టాటిన్, ఎండోస్టాటిన్ రెండూ నాళాల పెరుగుదలను అడ్డుకుంటాయి. అయితే అవి కణం మీద ఉండే ఇంటెగ్రిన్లనే గ్రాహకాల్లో వేర్వేరు వాటి ద్వారా పనిచేస్తాయని 2003లో ఒక పరిశోధన పత్రం చూపింది. దాని మొదటి రచయిత ఆకులపల్లి సుధాకర్. తర్వాత ఆయన అమెరికాలోని ఒమాహాలో, బాయ్స్ టౌన్ పరిశోధన ఆసుపత్రిలో కణ సంకేతాలు, రెటీనా, కణితి నాళాల మీదే ప్రయోగశాల నడిపారు.

ఈ విద్య ఇప్పుడు చికిత్సగా మారింది. నాళాలు చేరని రెటీనాకు లేజర్ చేస్తే వీఈజీఎఫ్ ఊట తగ్గుతుంది. కొందరు పిల్లలకు ఆ ప్రొటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ కంట్లోకే ఇస్తారు. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ సుభద్రా జలాలీ దశాబ్దాలుగా ఈ పని మీదే ఉన్నారు. పుట్టిన ముప్పై రోజుల్లోపు కన్ను చూడాలన్నది ఆమె గట్టిగా చెప్పే మాట.

ముందు పరీక్ష జరగనిదే ఏ చికిత్సా అక్కరకు రాదు. కంట్లో చుక్కలు వేసి, కంటిపాప విప్పార్చి, తలకు పెట్టుకునే పరికరంతో డాక్టరు కొద్ది నిమిషాల్లో చూసేస్తారు. నల్లగుడ్డులో తెలుపు కనిపించేదాకా ఆగితే సమయం మించిపోతుంది.

అవ్వకు ఇదంతా చెప్పి, లోపల డాక్టరును ఇవాళే అడగమన్నాను.

మీ ఇంట్లోనో వాడలోనో ముప్పై నాలుగు వారాల లోపు గానీ, రెండు కిలోల లోపు బరువుతో గానీ బిడ్డ పుడితే, “రెటీనా పరీక్ష ఎప్పుడు?” అని డాక్టరును మీరే అడగండి. ఇరవై ఎనిమిది వారాల లోపు పుట్టినా, 1,200 గ్రాముల లోపున్నా, పుట్టాక మూడు వారాలు దాటనివ్వకండి. టీకా తేదీలాగే ఈ తేదీనీ కార్డు మీద రాయించుకోండి.