బుడుగుతో నవ్వుదాం, కొన్నిచోట్ల ఆగుదాం



మీ పిల్లలకి తెలుగులో మార్కులు బాగానే వస్తుండవచ్చు. కానీ పరీక్ష లేని రోజున, ఎవరూ చెప్పకుండా, వాళ్ళంతట వాళ్ళు ఒక తెలుగు పుస్తకం చేతిలోకి తీసుకోవడం ఈమధ్య ఎప్పుడైనా చూశారా? కిష్టారెడ్డిపేటలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళని ఈ మాట అడిగితే ముందు నవ్వుతారు, తర్వాత కాసేపు మాట్లాడరు. 2018లో తెలంగాణ ప్రభుత్వం చట్టం చేసి, పదో తరగతి దాకా అన్ని బడుల్లో తెలుగును తప్పనిసరి చేసింది. చట్టం వల్ల తెలుగు పుస్తకం బ్యాగులోకి వచ్చింది. దాన్ని ఇష్టంగా తెరిపించే పని ఇంట్లో మనదే.

నాలుగో తరగతి చదివే మా అమ్మాయి విషయంలో ఆ పని చేసిన పుస్తకం 'బుడుగు'. దాని గురించే మీతో నాలుగు మాటలు చెప్పాలని ఈ ఉత్తరం. పుస్తకం అద్భుతం, కొనేయండి అని చెప్పి ఊరుకుంటే సులువుగా ఉండేది. కానీ అందులో నన్ను ఇబ్బంది పెట్టిన జోకులు కూడా ఉన్నాయి. అయినా మేం దాన్ని వదల్లేదు. ఎందుకో చెప్తాను.

డెబ్బై ఏళ్ళ కిందటి అల్లరి

హైస్కూలు పిల్లలున్న ఇళ్ళలో జపాన్ 'లైట్ నావెల్స్' గురించి వినే ఉంటారు. చిన్న చిన్న అధ్యాయాలు, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుండే భాష, మధ్యమధ్య బొమ్మలు. కథ ఎంత బాగున్నా కొన్ని జోకులు మాత్రం వెగటుగా ఉంటాయని వాటి అభిమానులే ఒప్పుకుంటారు. బుడుగు మనకి అలాంటి పుస్తకమే. ముళ్ళపూడి వెంకటరమణగారు రాస్తే, బాపుగారు బొమ్మలు వేశారు. 1956-57 ప్రాంతంలో ఆంధ్రపత్రిక వారపత్రికలో వారం వారం వచ్చి, తర్వాత రెండు భాగాల పుస్తకమైంది. 1951లో అమెరికా పత్రికల్లో మొదలైన 'డెనిస్ ది మెనేస్' బొమ్మల అల్లరి పిల్లాడితో బుడుగుని పోలుస్తుంటారు. కానీ ఆ పిల్లాడు అమెరికావాడు. బుడుగు నోరు తెరిస్తే అచ్చం మన ఇంటి వరండానే.

కథంతా బుడుగే చెప్తాడు. వాడి లెక్కలో పెద్దవాళ్ళకి ఏమీ తెలియదు, తనే ఓపికగా నేర్పాలి. అమ్మా నాన్నలని రాధ, గోపాళం అనేస్తాడు. ఆశ్చర్యం వాడి నోట్లో 'హాచ్చర్యం' అవుతుంది. జ్ఞానప్రసూనాంబ అన్న పేరు 'సీగాన పెసూనాంబ' అవుతుంది. మా అమ్మాయి వాచకంలో వత్తులు తప్పు చదివితే ఎర్ర పెన్ను పడుతుంది. ఇక్కడ తప్పు పలికినవాడే హీరో! మొదటి రోజు అసలు పేరు ఏమై ఉంటుందో కనిపెట్టమన్నాను. పావుగంట కుస్తీ పట్టి 'జ్ఞా' దాకా వచ్చింది. ఆ అక్షరం ఎంత కష్టమో బుడుగుకీ దానికీ ఒకేసారి తెలిసింది.

మాది మెదక్ వైపు. మేం చిన్నమ్మ అంటే బుడుగు పిన్నిగారు అంటాడు. గోదావరి వైపు నుంచి వచ్చిన మా పైఫ్లోర్ ఆంటీ దగ్గరికి వెళ్ళి మాటలకి అర్థాలు అడిగి రావడం మా అమ్మాయికి ఆటయింది. మా ఎదురింటి ఒడియా కుటుంబం పిల్లాడు కూడా వినడానికి వస్తున్నాడు. వాడికి సగం అర్థమవుతుంది, నవ్వు మాత్రం పూర్తిగా వస్తుంది.

నవ్వు ఆగిన చోట్లు

పక్కింట్లో ఒక పిన్నిగారుంటారు. బుడుగు ఆవిడ గురించి చెప్పినప్పుడల్లా ముందు 'లావుపాటి' అంటాడు. నేను చిన్నప్పుడు ఆ మాటకి పొట్ట పట్టుకుని నవ్వాను. ఇప్పుడు గట్టిగా చదువుతుంటే నా గొంతు ఒక్కసారి తగ్గింది. ఎందుకంటే మా అమ్మాయి కాస్త బొద్దుగా ఉంటుంది. కింద గ్రౌండ్‌లో ఆడేటప్పుడు ఆ మాటతోనే పిలిచే పిల్లలున్నారు. ఆ రోజుల్లో అది ఆటకి కూడా సరిగా వెళ్ళడం లేదు.

అది నవ్వలేదు. కాసేపాగి, "ఆ పిన్నికి పేరు లేదా అమ్మా?" అని అడిగింది.

మరి రెండోది దెబ్బలు. బుడుగు లోకంలో పిల్లల్ని కొట్టడం మామూలు సంగతి, నవ్వుకునే సంగతి. ప్రైవేటు చెప్పడం అన్న మాటే వాడి దగ్గర బెదిరింపు అయిపోయింది. బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. మన పిల్లలకి ఆ జోకులు వింతగా ఉండటమే మంచిది. అయితే ఇక్కడ నేను ఇంకొంచెం ఆగాను. ట్యూషన్ అనగానే ఒక పిల్లాడికి దెబ్బలు గుర్తొస్తున్నాయంటే, రచయిత నవ్విస్తూనే పెద్దవాళ్ళ గురించి ఏదో చెప్తున్నారు. సాయంత్రం ఆరింటికి మన పిల్లలు ట్యూషన్ బ్యాగు సర్దుకుంటూ మనసులో ఏ అర్థం రాసుకుంటున్నారో అడిగి చూడండి.

మూడోది, బాబాయికి రెండుజెళ్ళ సీత మీద ఉన్న ఇష్టం చుట్టూ అల్లిన సరదా. ఆ సరదా అంతా అబ్బాయిల వైపు నుంచే. ఆడపిల్ల తల్లిగా అక్కడ నాకు నవ్వు రాదు. మన సినిమాలు ఎన్ని ఏళ్ళుగా అదే దారిలో నడిచాయో మీకు తెలియంది కాదు.

తీసేయాలా, వదిలేయాలా?

ఇంగ్లీషు పుస్తకాలకీ ఈ చిక్కు వచ్చింది. మన పిల్లలు చదివే రోల్డ్ డాల్ పుస్తకాల్లో పఫిన్ సంస్థ మాటలు మార్చిందని 2023లో పెద్ద చర్చ జరిగింది. 'చార్లీ అండ్ ద చాకొలెట్ ఫ్యాక్టరీ'లో అగస్టస్ గ్లూప్ అనే పిల్లాడిని 'ఫ్యాట్' అనడం మాని 'ఎనార్మస్' అన్నారు. విమర్శలు వచ్చాక పాత మాటలున్న పుస్తకాలు కూడా దొరికేలా చూస్తామన్నారు. మాట మారింది కానీ, పిల్లాడి ఒంటిని చూసి నవ్వడం అలాగే మిగిలింది.

మా ఇంట్లో దారి మా అమ్మాయే చూపించింది. ఆ పిన్నిగారికి తనే సుశీల అని పేరు పెట్టింది. "పుస్తకంలో ఉన్నట్టే చదువు. కానీ ఆమె పేరు సుశీల" అంది. ఆ తర్వాత ఆవిడ వచ్చిన ప్రతిసారీ నేను ఉన్నది ఉన్నట్టే చదువుతాను, అది పక్కనుంచి "సుశీల పిన్ని" అని సరిదిద్దుతుంది. అలా అని మళ్ళీ బుడుగు మీద కోపం తెచ్చుకోదు. వాడి తర్వాతి మాటకి పడీపడీ నవ్వుతుంది. ఒక వారం తర్వాత గ్రౌండ్‌లో ఎవరో ఆ మాటే అంటే, "నాకు పేరుంది" అని చెప్పి వచ్చిందట. అక్కడ పిలుపు ఇంకా పూర్తిగా ఆగలేదు. కానీ అది ఆటకి వెళ్తోంది.

నాకు అర్థమైంది ఇది. ఇష్టమైన పుస్తకంలో ప్రతి జోకునీ ఇష్టపడాల్సిన పని లేదు. ఒక జోకు నచ్చలేదని పుస్తకాన్ని అటక మీద పెట్టాల్సిన పనీ లేదు. రేపు వాళ్ళ చేతికి ఫోన్ వస్తుంది. అందులో వచ్చే ప్రతి రీల్‌నీ మనం ముందే చూసి పంపలేం. అప్పుడు వాళ్ళకి కావాల్సింది ఈ అలవాటే.

ఇంట్లో ఇలా చేసి చూడండి

- రోజుకి ఒక్క అధ్యాయం, పదిహేను నిమిషాలు, మీరే గట్టిగా చదవండి. తప్పులు దిద్దకండి.
- ముందు రోజే ఆ అధ్యాయం ఒకసారి తిరగేయండి. ఇబ్బందిగా ఉన్న చోటు తెలిసి ఉంటే తడబడరు.
- అలాంటి చోట ఉపన్యాసం వద్దు. "ఈ జోకు ఎవరి మీద? వాళ్ళు ఇక్కడుంటే నవ్వుతారా?" అని అడిగి ఊరుకోండి.
- మీకు నవ్వు వస్తే నవ్వండి, రాకపోతే పిల్లల కోసం నవ్వకండి. వాళ్ళు మన మొహం చూస్తుంటారు.
- మీకు తెలుగు చదవడం రాకపోతే పక్క ఫ్లాట్ వాళ్ళని పిలవండి. ఇద్దరు పిల్లలు వింటే ఇంకా సందడి.

వచ్చే సెలవుల్లో మొదలుపెట్టండి. మీ ఇంట్లో ఏ జోకు దగ్గర ఎవరు ఆగారో రెండు వాక్యాల్లో రాసి, డైరీలో పెట్టి పిల్లల తెలుగు టీచరుకి పంపండి. ఆ రెండు వాక్యాలు మీ పిల్లలే తెలుగులో రాస్తే మరీ మంచిది.

— నాలుగో తరగతి విద్యార్థిని తల్లి, కిష్టారెడ్డిపేట