ఎసరు పెట్టుటకు ముందు

వంట నేర్చుట యొక పని. ఎందఱికి వండవలెనో ముందుగా నెంచుకొనుట మఱియొక పని. మొదటిదానిని అందఱు మెచ్చుకొందురు. రెండవదానిని ఎవ్వరును గమనింపరు. అన్నము చాలనినాడు మాత్రమే అది జ్ఞప్తికి వచ్చును.

మా కరీంనగరు ప్రాంతపు ఇండ్లలో తల్లులు తరాజు పట్టకయే ఈ లెక్క చేయుచుందురు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక యను పాత కొలతలు పోయి కిలోలు వచ్చినను, బియ్యపు డబ్బాలోని చిన్న గిన్నెయే పెక్కు ఇండ్లలో నేటికిని కొలపాత్ర. చుట్టము చెప్పక వచ్చిననాడు పచ్చిపులుసు ఆదుకొనును. దానిని కాచవలసిన పని లేదు. ఇంకొక చెంబెడు నీరు పోసి, చింతపండును ఉప్పును సరిచేసినచో నలుగురి పులుసు ఆరుగురికి వచ్చును. అన్నము మాత్రము అట్లు పెరుగదు.

జనము పెరిగినప్పుడు ఏర్పాటు మఱింత అవసరము. ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లి మండలములోని కేస్లాపూరున, పుష్యమాసపు అమావాస్యకు మెస్రం వంశపు గోండులు నాగోబా జాతర జరుపుదురు. వచ్చు కుటుంబములు వందలకొలది. వారు వండుకొను పొయ్యిలు 22 మాత్రమే. వంతు వచ్చువఱకు వేచియుండి, ఒకరి తరువాత నొకరు వండుకొందురు. ఎవరి వంతు వారికి గలదు.

బడిలోని మధ్యాహ్న భోజనమునకును లెక్క గలదు. 6 మొదలు 8వ తరగతి వఱకు ఒక్కొక్క విద్యార్థికి దినమునకు 150 గ్రాముల బియ్యము, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు అని కేంద్ర ప్రమాణము. 200 మందికి 30 కిలోల బియ్యము, 6 కిలోల పప్పు, 15 కిలోల కూరగాయలు కావలెను. ఎవరి పాలు వారికి గలదు.

ఇంటిలో మాత్రము ఒకరు లెక్కకు రారు. వడ్డించు తల్లి అందఱు లేచిన తరువాత కూర్చుండును. చుట్టము వచ్చిననాడు తఱుగునది ఆమె పాలే. "నాకు ఆకలి లేదు" అనుచు గిన్నె అడుగున మిగిలిన మాడును పులుసుతో కలుపుకొనును. ఆ మాట మేమందఱము వినియున్నాము. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత కనబడినది. కారణములు పెక్కు గలవు. తినవలసినది తినకుండుట అందులో నొకటి.

కావున, తమ్ములారా, చెల్లెండ్రారా! ఎసరు పెట్టుటకు ముందు మనుష్యులను లెక్కించునప్పుడు వండువారితో మొదలుపెట్టుడు. వడ్డనకు ముందే ఆమె పాలు వేఱుగా తీసి మూతపెట్టుడు. చుట్టము వచ్చినచో అందఱి కంచములనుండి పిడికెడేసి తగ్గింపుడు. ఒక్కరి కంచమును మాత్రము ఖాళీగా నుంచకుడు.