పది రాగములు, ఒక వెండి పెట్టె

క్రొత్త పాట దొరికినవాడు ఊరకుండలేడు. ఎవరికైనా వినిపించేదాకా వానికి అన్నము సహించదు. పోనీ, వినిపించేటప్పుడైనా నెమ్మదిగా ఉంటాడా అంటే అదీ లేదు. పాట వినడము మాని మన ముఖము చూస్తూ కూర్చుంటాడు. "ఇప్పుడొస్తుంది చూడండి, ఇప్పుడొస్తుంది" అంటాడు. ఆ వచ్చేదేదో వచ్చినప్పుడు మన కనుబొమలు పైకి లేవకపోతే, ఆ పూటకు మనకు చెవులు లేనట్టే లెక్క. ప్రియ చదువరులారా, ఇటువంటివారు మీ ఇండ్లలో ఎందరున్నారో గాని మా ఇంట్లో ఇద్దరున్నారు.

పెద్దది మా అమ్మాయి, ఉద్యోగము చేస్తున్నది. చిన్నవాడు మా అబ్బాయి, ఇంజనీరింగు చదువుతూ హాస్టలులో ఉంటున్నాడు. వాడు హాస్టలుకు వెళ్ళిన మొదటి సంవత్సరము ఫోనులో మా సంభాషణ అంతా "తిన్నావా, డబ్బులున్నాయా, చదువుతున్నావా" అనే మూడు ప్రశ్నలకు కుదించుకుపోయింది. మూడింటికీ వాడు ఒకే జవాబు చెప్పేవాడు, "ఆఁ". అప్పుడు మా అమ్మాయే ఒక ఉపాయము చేసింది. శనివారము రాత్రి భోజనము, ప్రార్థన అయిన తరువాత నలుగురమూ ఫోనులో కలుసుకొని, ఒక్కొక్కరు ఒక్కొక్క క్రొత్త పాట వినిపించాలి. పాట అయ్యేదాకా ఎవరూ వెక్కిరించకూడదు. అయిన తరువాత ఎంతైనా వెక్కిరించవచ్చును. ఈ రెండవ నియమము మూలముగానే ఈ ఏర్పాటు ఇన్నాళ్ళు నిలిచిందని మా ఉద్దేశము.

మా అమ్మాయికి 'ఇండీ' పాటలిష్టము. సినిమా కొరకు గాక, పెద్ద కంపెనీల పెట్టుబడి లేకుండా, తామే వ్రాసికొని తామే పాడి విడుదల చేసికొనే పాటలను ఈనాటి యౌవనస్థులు ఆ పేరుతో పిలుస్తారు. వీటిని ప్రేమించేవారికి ఒక వింత బాధ ఉన్నది. తమ గాయకుడు పదిమందికీ తెలియాలని ప్రాకులాడతారు. తీరా తెలిసిన తరువాత దిగులుపడతారు. ప్రతీక్ కుహాడ్ అనే ఢిల్లీ గాయకుని ఆమె పదవ తరగతిలో కనుగొన్నది. 2019 చివరిలో అమెరికా మాజీ అధ్యక్షుడు ఒబామా ఆ సంవత్సరము తనకు నచ్చిన పాటల జాబితాలో ఆ గాయకుని పాటను చేర్చాడు. మేమందరము సంతోషిస్తే ఆమె ముఖము మాత్రము, తన పొలము మధ్యనుండి జాతీయ రహదారి వేశారని విన్న రైతు ముఖమువలె అయినది. హైదరాబాదు చౌరస్తా బృందము విషయములోనూ అంతే. ఆ బృందములో ఉండిన రామ్ మిరియాల 2021లో 'జాతిరత్నాలు' సినిమాలో పాడిన పాట ఊరూరా మ్రోగుతుంటే, "మాకు ఎప్పుడో తెలుసు" అని వచ్చిన చుట్టములందరికీ చెప్పుకొన్నది. వాళ్ళమ్మ విని విని, "నీవేమైనా ఆయనను అన్నము పెట్టి పెంచావా?" అన్నది.

ఈ విద్యకు పెద్ద అయ్యవారు ఇంగ్లాండులో ఉండేవారు. జాన్ పీల్ అనే ఆయన 1967 నుండి 2004లో మరణించేదాకా బి.బి.సి. రేడియో 1లో ఎవరూ వినని పాటలను ఏరి వినిపించారు. గ్రామఫోను రికార్డును తప్పు వేగములో పెట్టడము ఆయనకు అలవాటే. శ్రోతలు దానిని కూడా కార్యక్రమములో భాగముగానే ప్రేమించారు. 1973లో రాబర్ట్ ఫ్రిప్, బ్రయన్ ఈనో అనే ఇద్దరు చేసిన సంగీతపు టేపు ఆయన కార్యక్రమములో చివరినుండి మొదటికి, తలక్రిందులుగా ప్రసారమైనది. ఆ సంగీతము ఎటు తిరిగినా ఒకేలాగు ఉండే రకము. హాస్యమేమంటే, 2008లో ఆ రికార్డును మళ్ళీ విడుదల చేసినప్పుడు తలక్రిందుల రూపమును కూడా అందులో చేర్చారు! ఇది మా అబ్బాయి చెప్పగా విని మా ఇంట్లో అందరికంటె ఎక్కువ నవ్వినది వాళ్ళమ్మ.

మా అబ్బాయిది యంత్రసంగీతము. వాడు వినిపించిన మొదటి పాటకు వాళ్ళమ్మ వంటింట్లోనుండి, "ఈ వేళప్పుడు గ్రైండరు ఎవరు వేశారు?" అని కేక వేసింది. వాడు నొచ్చుకోలేదు. పైగా ఆ శబ్దము చేసే పెట్టె కథ చెప్పాడు. అది మాకు పాటకంటె బాగున్నది.

జపానులోని రోలాండ్ కంపెనీ 1981లో టి.బి.-303 అనే చిన్న వెండిరంగు పెట్టెను తయారుచేసింది. ఒంటరిగా గిటారు వాయించుకొనేవానికి ప్రక్కన బేస్ స్వరములు తోడుగా పలకాలని వారి ఉద్దేశము. అది నిజమైన బేస్ గిటారువలె పలకనే లేదు. ఎవరూ కొనలేదు. 1984లో తయారీ ఆపివేశారు. అవి పాత సామానుల అంగళ్ళకు చేరి చవకగా దొరుకుతుంటే, అమెరికాలో షికాగో నగరపు యువకులు కొందరు ఒకటి కొని, దాని మరలు ఇష్టమువచ్చినట్టు త్రిప్పారు. అది కీచుమని, బుడబుడమని, ఏ వాయిద్యమూ పలకని విధముగా పలికింది. ఆ టేపును రాన్ హార్డీ అనే ఆయన ఒక నృత్యశాలలో ఒకే రాత్రి నాలుగుసార్లు వేశాడని చెబుతారు. మొదటిసారి జనము లేచిపోయారు. నాలుగవసారికి వెర్రెత్తిపోయారు. 1987లో అది 'ఫ్యూచర్' అనే బృందము పేరుతో రికార్డుగా వచ్చింది. ఆ తరహాకు 'యాసిడ్ హౌస్' అని పేరు. పేరు విని భయపడనక్కరలేదని వాడే మాకు ధైర్యము చెప్పాడు.

"ఇంతకూ డాడీ, ఇదే పెట్టెమీద అంతకు ఐదేండ్ల ముందే మనవాడొకాయన పది రాగాలు వాయించాడు" అన్నాడు తరువాత వారము.

చరణ్‌జిత్ సింగ్ అనే ఆయన బొంబాయి సినిమా వాద్యబృందాలలో పనిచేసిన సంగీతకారుడు. 1982లో, డిస్కో జోరుగా ఉన్న కాలములో, రోలాండ్ వారి సింథసైజరును, ఈ వెండి పెట్టెను, 808 అనే తాళపు పెట్టెను ఒకదానికొకటి కలిపి, డిస్కో దరువుమీద పది హిందుస్తానీ రాగములు వాయించి రికార్డు చేశారు. భైరవ్, లలిత్, భూపాలి, తోడి, యమన్, మాల్‌కౌఁస్ మొదలైనవి. ఆ రికార్డు అమ్ముడుపోలేదు. ఇరవై ఏండ్లకు, 2002లో, హాలండు దేశస్థుడొకడు ఢిల్లీలో పాత రికార్డులు వెదకుతుండగా అది కంటబడింది. 2010లో మళ్ళీ విడుదల చేశారు. అప్పుడు చూడాలి ఈ అభిమానుల తమాషా! 1982లో ఇటువంటిది సాధ్యము కాదు, ఎవడో ఇప్పుడు చేసి పాత అట్ట తొడిగాడని కొందరు వాదించారు. ఏఫెక్స్ ట్విన్ అనే ఇంగ్లాండు చిలిపి సంగీతకారునిమీద అనుమానపడినవారు కూడా ఉన్నారు. ఇక్కడ వీరు ఆయన ఉన్నాడా లేడా అని తర్కించుకొంటుంటే, అక్కడ బొంబాయిలో ఆయన సుఖముగా కాపురము చేసుకొంటున్నారు. తరువాత డెబ్బదేండ్ల వయస్సులో విదేశపు వేదికలమీద యువకుల ఎదుట ఆ రాగములనే వాయించి, 2015లో మరణించారు.

యాసిడ్ హౌస్‌ను కనిపెట్టినది మన దేశమే అని మీసము తిప్పేవారితో మేము ఏకీభవించము. షికాగో పిల్లలు ఈ రికార్డు వినలేదు, ఆయన వారిని ఎరుగరు. పెట్టె మాత్రము ఒకటే. అందులో ఒక స్వరమునుండి మరొక స్వరమునకు జారే ఏర్పాటున్నది. షికాగోవారి చేతిలో అది జారుబండ అయినది. రాగము నేర్చినవాని చేతిలో అదే గమకమునకు దగ్గరగా వెళ్ళింది. మాకు ఆశ్చర్యము కలిగించినది ఇదే.

మరొక సంగతి. భూపాలి అంటే మన మోహన రాగపు స్వరములే. యమన్ అంటే కళ్యాణి. మాల్‌కౌఁస్ అంటే హిందోళము. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ప్రతి కీర్తన నెత్తిన రాగము, తాళము అచ్చువేసి ఉంటాయి గదా. ఆ పేర్లు మాకు చిన్ననాటినుండి పరిచయము. వాటి అర్థము నేర్పినవారు మాత్రము మా సంఘములోని తబలా మాస్టారు. ఇప్పుడు ఆయనకు డెబ్బది దాటినవి. మా అబ్బాయిని ఐదేండ్లప్పుడు ఒళ్ళో కూర్చుండబెట్టుకొని, వాని బుల్లి చేతితో తన మోకాలిమీద ఆది తాళము వేయించినది ఆయనే.

తరువాత సంఘములో క్రొత్త కీబోర్డు కొన్నారు. మీట నొక్కితే తాళము అదే వేస్తుంది. దానివెంట ప్యాడ్స్ కూడా వచ్చినవి. కీబోర్డు వాయించినది మా అబ్బాయి. మాస్టారి తబలామీద గుడ్డ కప్పబడింది. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. ఆదివారము వచ్చి వెనుక వరుసలో కూర్చుండేవారు. మా అబ్బాయి "తాతయ్యా వందనాలు" అంటే "వందనాలు బాబూ" అని ప్రక్కకు తిరిగేవారు. రెండు సంవత్సరములు వారి మధ్య అంతకు మించి మాట లేదు. వాడు ఆ సంగతి మాతో ఎన్నడూ ఎత్తలేదు గాని, సెలవులకు వచ్చినప్పుడెల్లా మాస్టారి వీధి తప్పించి చుట్టుదారిన పోవడము మేము చూస్తూనే ఉన్నాము.

పోయిన క్రిస్మస్ సెలవులలో వాడు చేతిలో ఒక చిన్న స్పీకరు పట్టుకొని, "డాడీ, తాతయ్య ఇంటికి వస్తావా?" అన్నాడు. మేము కారణము అడుగలేదు. వెంట వెళ్ళాము.

మాస్టారు వసారాలో మంచముమీద ఉన్నారు. వాడు నేలమీద కూర్చుండి, ఏమీ చెప్పకుండా ఆ మాల్‌కౌఁస్ రాగమును పెట్టాడు. ఆయన కన్నులు మూసికొన్నారు. కొంతసేపటికి, "హిందోళమురా ఇది" అన్నారు. "అవును తాతయ్యా." "తాళము ఎవరు వేస్తున్నారు?" "యంత్రము తాతయ్యా." ఆయన చేయి మోకాలిమీద కదులుతూనే ఉన్నది. లెక్క చూస్తున్నారని మాకు తెలుసు. పాట సగమయిన తరువాత చేయి ఆపి, "తప్పు లేదు. కాని వీడు నడుస్తూనే ఉన్నాడు, ఇంటికి రావడము లేదు" అన్నారు.

సంగీతము ఎరుగనివారికి చిన్న వివరణ. తాళము ఒక ఆవృతము తిరిగి మొదటి దెబ్బకు చేరడము వాయించేవానికీ వినేవానికీ ఇల్లు చేరినట్టుంటుంది. యంత్రమునకు ప్రతి దెబ్బా సమానమే. ఆ మాట వినగానే మా అబ్బాయి నవ్వి, "అయితే మీరు తీసుకురండి తాతయ్యా" అన్నాడు.

మాస్టారు చాలాసేపు వాని ముఖము చూశారు. తరువాత లోపలికి కేకవేసి తబలా తెప్పించారు. గుడ్డ తీశారు. శ్రుతి కలియలేదు. పెట్టె శ్రుతి మారదు గదా. "దానికి రాదు, నేనే పోవాలి" అని గొణుగుకొంటూ చిన్న సుత్తితో అంచు చుట్టూ తట్టుకొంటూ పది నిమిషములు శ్రుతి చేశారు. మా అబ్బాయి మళ్ళీ పాట మొదటినుండి పెట్టాడు. ఆయన కొంతసేపు దాని ప్రక్కన నడిచి, ఒక ముక్తాయింపు మూడుసార్లు త్రిప్పి, సరిగ్గా మొదటి దెబ్బమీద దిగారు. యంత్రము తన మానాన తాను పోతూనే ఉన్నది. అయినా ఆ క్షణములో అది కూడా ఇల్లు చేరినట్టే మాకు తోచింది. మా అబ్బాయి "శభాష్ తాతయ్యా" అని కేక వేశాడు. గురువును శిష్యుడు శభాష్ అనడము మర్యాద కాదు. ఆ పూట ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు శనివారము రాత్రి మా ఇంట్లో ఐదుగురు. మాస్టారి ఫోను మీటల ఫోను గనుక ఆయన మా ఇంటికే వస్తారు. 1969లో అహ్మదాబాదు డిజైన్ సంస్థకు తెచ్చిన మూగ్ సింథసైజరుమీద మనవారు చేసిన ప్రయోగాలు 2023లో రికార్డుగా వచ్చినవి. మా అబ్బాయి వాటిని ఎంతో గొప్పగా వినిపిస్తే, మాస్టారు "బోరుబావి వేస్తున్నట్టున్నదిరా, నీళ్ళు పడ్డాయా?" అన్నారు. దానికి బదులుగా ఆయన, 1976లో మరణించిన ఉస్తాద్ అహ్మద్ జాన్ తిరక్వా తబలా వినమన్నారు. మా అబ్బాయి వారము రోజులు అదే విన్నాడట. "ఇది మనిషి వాయించినదేనా?" అని అడిగాడు. మాస్టారికి ఆ ప్రశ్న బాగా నచ్చింది. ఇద్దరు ముగ్గురితో చెప్పుకొన్నారు కూడా.

ఆదివారము ఆరాధనలో ప్యాడ్సా, తబలాయా అన్నది సంఘపెద్దలు ఇంకా తేల్చలేదు. మాస్టారు ఆ మాట అడగడము లేదు. ఈ శనివారము మాత్రము తమకు ఆ తలక్రిందుల పాట వినిపించాలని, అది ఎటునుండి వచ్చినా తాళము పట్టి చూపుతానని మా అమ్మాయితో పందెము వేశారు. అందులో అసలు తాళమే లేదని మా అబ్బాయి ఇంకా ఆయనకు చెప్పలేదు.