గది వేరు, సభ్యత్వం వేరు

హాలిడే ప్యాకేజీ క్యాన్సిల్ చేయించండి అంటూ వచ్చేవాళ్ళను నేను మొదట అడిగేది ఒక్కటే. "ఏది క్యాన్సిల్ చేయాలండీ? గదా, సభ్యత్వమా?" భార్య భర్త వంక, భర్త భార్య వంక చూసుకుంటారు. వాళ్ళకు అదంతా ఒక్కటే బేరం. డబ్బు కట్టించుకున్నవాళ్ళకు మాత్రం అవి రెండు కాగితాలు, ఒక్కోసారి రెండు కంపెనీలు. ఈ ముడి విప్పకుండా ఎంత ఘాటుగా ఉత్తరం రాసినా దండగ. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు కలం పట్టించే ముందు చెప్పేది ఇదే.

నేనుండేది నల్లజర్లలో. తిరిగే కోర్టులు తాడేపల్లిగూడెం, ఏలూరు. నా ఇల్లు గడిచేది ప్రామిసరీ నోట్లు, గట్టు తగాదాలు, పంపకాల దావాల మీద. వినియోగదారుల కేసుల్లో ఫీజు పెద్దగా రాదు, అయినా వదలను. మా ప్రాంతంలో డబ్బు నెలజీతంలా రాదు. పొగాకు వేలం అయినప్పుడు, ఆయిల్‌పామ్ గెలల పైకం పడినప్పుడు, కొల్లేరు వైపు చెరువు పట్టుబడి అయినప్పుడు ఒక్కసారిగా వస్తుంది. అప్పుడే విజయవాడో రాజమండ్రో వెళ్ళి బట్టలు కొంటారు. బిల్లు కట్టాక ఓ అమ్మాయి నవ్వుతూ లక్కీ డ్రా చీటీ ఇస్తుంది. పేరు, ఫోను, వయసు, పెళ్ళయిందా, కారుందా, క్రెడిట్ కార్డుందా. లాటరీకి క్రెడిట్ కార్డుతో పనేమిటని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఆ చీటీ డ్రా కోసం కాదు, అదొక జల్లెడ.

జల్లెడలో మిగిలినవాళ్ళకు ఫోను వస్తుంది. బహుమతి వచ్చింది, భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చి తీసుకోండి అంటారు. ఒక్కరే వెళ్తే ఇవ్వరు. "ఇంట్లో అడిగి చెబుతాను" అనే మాటకు చోటుండకూడదు కదా, అందుకు. ఇంకో రకం ఉంది, నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది అదే. గోవాలోనో ఊటీలోనో రెండు మూడు రాత్రుల గది చాలా తక్కువకు ఇస్తామంటారు. ముందే డబ్బు కట్టించుకుంటారు. ఆ బసలో ఒక పూట గంటన్నర పాటు, సభ్యత్వం అమ్మడానికి వాళ్ళు పెట్టే ప్రెజెంటేషన్‌కు కూర్చోవాలి. కూర్చోకపోతే గది అసలు రేటు ఎంతో అంతా కార్డులోంచి లాగుతామని షరతుల్లో కింద ఎక్కడో ఉంటుంది. గంటన్నర అన్నది మూడు గంటలైనా ఆశ్చర్యం లేదు.

ఆ హాల్లో ఏం జరుగుతుందో నాకు నేర్పింది మా జూనియరు. లా చదవకముందు కొన్నాళ్ళు అలాంటి హాల్లోనే పనిచేశాడు. మొదట కూర్చునేవాడు స్నేహితుడిలా మాట్లాడతాడు. పిల్లల చదువులు, కిందటేడు ఎక్కడికి వెళ్ళారు, హోటలుకు ఎంతయింది అన్నీ అడిగి కాగితం మీద లెక్క వేస్తాడు. తర్వాత కోటు వేసుకున్న మేనేజరు వస్తాడు. వాళ్ళ భాషలో అతను క్లోజరు. పెద్ద అంకె రాసి, అడ్డంగా కొట్టేసి, పక్కన చిన్న అంకె రాసి, "ఈ రేటు ఈ టేబుల్ లేచేవరకే" అంటాడు. పక్క టేబుల్లో ఎవరైనా సంతకం పెడితే హాలంతా చప్పట్లు. "ఆ చప్పట్లలో సగం మా స్టాఫువేనండీ" అని మావాడు చెబితే నవ్వుకున్నాం గానీ, ఆ సంగతి తెలిశాక క్లయింటును అడిగే ప్రశ్నలు మారిపోయాయి. ఎవరు ఏమన్నారు, ఏ కాగితం మీద రాశారు, ఆ గీతల కాగితం మీ దగ్గర ఉందా? చాలాసార్లు హాలు వదిలేటప్పుడు దాన్ని వాళ్ళే తీసేసుకుంటారు. ఉంటే మాత్రం బంగారం.

ఇక పనిలోకి వద్దాం. గది డబ్బు కట్టారు, ఇంకా వెళ్ళలేదు, ప్రెజెంటేషన్‌కూ కూర్చోలేదు. ఇది తేలిక రకం, ఆలస్యం చేయకపోతేనే. ముందు రశీదు, షరతుల కాగితం తీయించు. ఎన్ని రోజుల ముందు చెబితే ఎంత తిరిగిస్తారో చూడు. తిరిగివ్వం అని రాసి ఉన్నా కంగారు పడకు, రద్దు తేదీ మాత్రం గడవనీయకు. ఫోనులో వాళ్ళు మూడు పాటలు పాడతారు: తేదీ మార్చుకోండి, వేరే ఊళ్ళో గది ఇస్తాం, ఇంకో రాత్రి ఉచితంగా కలుపుతాం. దేనికీ ఊ కొట్టనీయకూడదు. తేదీ మార్చుకున్నారంటే ఒప్పందాన్ని మళ్ళీ ఒప్పుకున్నారని రేపు వాళ్ళ వకీలు వాదిస్తాడు.

ఉత్తరం రాయడం మా సీనియరు గారి దగ్గర నేర్చుకున్నాను. తాడేపల్లిగూడెం ఉల్లి వ్యాపారి ఒకాయన రెండు పేజీలు రాసుకొచ్చాడు. మామగారికి ఆపరేషన్, అమ్మాయికి పరీక్షలు, మార్కెట్లో సరుకు నిలిచిపోయింది, కాబట్టి దయచేసి రద్దు చేయగలరు అని. సీనియరు గారు ఎర్ర కలంతో కారణాలన్నీ కొట్టేశారు. "కారణం చెప్పావంటే దానికి మందు వాళ్ళు చెబుతారు. పరీక్షలయ్యాక వెళ్ళండి అంటారు. అప్పుడేమంటావ్?" అన్నారు. చివరికి మిగిలింది ఇంతే: ఫలానా తేదీన ఫలానా కార్డు నుంచి, ఫలానా రశీదు నంబరు మీద ఇంత కట్టాను. ఈ బస రద్దు చేస్తున్నాను. ప్రెజెంటేషన్‌కు రాను. ఈ తేదీ నుంచి నా కార్డు మీద ఏ మొత్తం వసూలు చేయడానికీ నా అనుమతి లేదు. కట్టినది కట్టిన ఖాతాకే 15 రోజుల్లో జమ చేయండి. ఇప్పటికీ నా డ్రాఫ్టు ఇదే. బస తేదీకి ముందే ఈ మెయిలు వెళ్ళాలి, దాని నకలు స్పీడ్ పోస్టులో వెళ్ళాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు, అందిన రుజువు అడిగి తీసుకోవడం మరిచిపోకు.

చిరునామా దగ్గర జనం పప్పులో కాలేస్తారు. ఒకాయన తనంతట తానే నోటీసు పంపాడు, ఎక్కడికి? ప్రెజెంటేషన్ జరిగిన హోటలుకు. హాలు అద్దెకిచ్చిన పాపానికి ఆ హోటలు మేనేజరు ఫోన్ చేసి లబోదిబోమన్నాడట. రశీదు అడుగున కంపెనీ నంబరు ఉంటుంది. దాన్ని పట్టుకుని కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటులో వెతికితే రిజిస్టర్డ్ ఆఫీసు దొరుకుతుంది. గది అమ్మింది ఒక కంపెనీ, సభ్యత్వం అమ్మింది ఇంకో కంపెనీ అని బయటపడేది కూడా ఇక్కడే.

ఉత్తరం వెళ్ళిన రోజే బ్యాంకు పని కూడా అవ్వాలి. ఈఎంఐ గానీ ఆటోపే గానీ పెట్టించి ఉంటే బ్యాంకు యాప్‌లో ఆ మ్యాండేట్ రద్దు చేయించు. మళ్ళీ మళ్ళీ కార్డులోంచి లాగే చెల్లింపులకు 24 గంటల ముందు కబురు పంపాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమలవుతోంది, వద్దనే అవకాశమూ అందులోనే ఉంటుంది. ఇప్పటికే లాగేసి ఉంటే కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేయించు. దానికి గడువుంటుంది, వారం ఆలోచించి వేద్దాం అనే పని కాదు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు.

ఇక సభ్యత్వం, అంటే టైమ్‌షేర్, సంగతి. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో అది కొన్నవాడికి 10 రోజుల్లోపు మనసు మార్చుకునే హక్కు చట్టమే ఇచ్చింది. యూరప్‌లో 2008 నాటి ఆదేశం ప్రకారం 14 రోజులు, ఆలోపు అడ్వాన్సు పుచ్చుకోవడమే తప్పు. మనకు టైమ్‌షేర్ కోసం విడిగా చట్టం లేదు. కొన్ని కంపెనీలు తమంతట తామే కొన్ని రోజుల గడువు ఒప్పందంలో రాస్తాయి. ఆ గడువు లోపల వస్తే సభ్యత్వం కేసు కూడా ఒక్క మెయిలుతో అయిపోతుంది. దాటితే మనకున్నది 2019 వినియోగదారుల చట్టం. తక్కువదేం కాదు. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చాక మనిషి నివాసమున్న చోటే ఫిర్యాదు వేసుకోవచ్చు. ఒప్పందంలో "ముంబయి కోర్టుల పరిధి" అని రాసుకున్నారని నల్లజర్ల రైతు ముంబయి రైలెక్కక్కర్లేదు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు వేయిస్తాను, కొన్ని అక్కడే రాజీకొస్తాయి.

నాకు పేరు తెచ్చిన కేసు కైకలూరు వైపు చేపల రైతుది. గది ఆఫరు మీద గోవా వెళ్ళారు, ప్రెజెంటేషన్‌లో కూర్చున్నారు, పాతికేళ్ళ సభ్యత్వానికి కార్డు గీకి వచ్చారు. తిరిగొచ్చాక సెలవుల్లో ఎప్పుడడిగినా గది ఖాళీ లేదన్నారు. ఫిర్యాదు వేశాం. కంపెనీ కౌంటరులో మూడు మాటలే ఉన్నాయి: సంతకం పెట్టాడు, తిరిగివ్వం అని రాసుంది, తగాదా వస్తే ఆర్బిట్రేషన్‌కు వెళ్ళాలి. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా వినియోగదారుల ఫిర్యాదు ఆగదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకవైపు మొగ్గిన షరతుల మీద సంతకం పెట్టించుకోవడం అనుచిత వ్యాపార పద్ధతేనని 2019లో పయొనీర్ అర్బన్ కేసులో చెప్పింది. రెండూ ఇళ్ళు కట్టే కంపెనీల కేసులే, సూత్రం మాత్రం మనకూ వర్తిస్తుంది. ఇవి నాకు అందించింది ఏలూరు బార్‌లో ఒక పెద్దాయన. పేరు రాస్తే కోప్పడతారు.

అసలు చిక్కు వేరేచోట వచ్చింది. సభ్యత్వం డబ్బులోంచి గోవా గదికి అసలు రేటు కోసుకుంటామన్నారు. మా రైతు భగ్గుమన్నాడు. "ఆయ్, ఆ గది వాళ్ళు పిలిచి ఇచ్చిందే కదండీ, పైసా ఇవ్వను" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పడుకున్న మంచానికి డబ్బివ్వకుండా న్యాయం అడిగితే వినియోగదారుల కమిషన్ ముందు మన మాట పలచబడుతుంది. "మీరు కట్టిన ఆఫరు రేటుకు గది వాడుకున్నారు, ఆ లెక్క అక్కడితో సరి. దాన్ని తిరిగి అడగొద్దు. అంతకు మించి వాళ్ళు కోస్తామంటే మాత్రం ఒప్పుకోను" అన్నాను. గది రశీదు విడిగా, సభ్యత్వం రశీదు విడిగా రెండు వరసల్లో దాఖలు చేశాను. గది మీద మేమేమీ అడగకపోయేసరికి వాళ్ళకు కోసుకోవడానికి ఏమీ మిగల్లేదు. రాజీకొచ్చారు, సభ్యత్వం సొమ్ములో చాలా భాగం వెనక్కి వచ్చింది. పట్టుబడి రోజున ఇంటికి పంపిన కొరమేనులు ఫీజులో కలపలేదని మా ఆవిడ సాక్ష్యం.

అన్నీ ఇలా ముగియవు. రిటైరైన మాస్టారు ఒకరు వచ్చేనాటికి రెండేళ్ళు దాటిపోయాయి. ఆ రెండేళ్ళూ కంపెనీ వాళ్ళు "వచ్చే నెల వేస్తాం సార్" అంటూనే ఉన్నారు. ఆయన మర్యాదస్తుడు, నమ్మాడు. ఉత్తరాలు, ఫోన్లు నడుస్తున్నంత మాత్రాన ఆ రెండేళ్ళ కాలపరిమితి ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేశాం, చాలిన కారణం లేదని కొట్టేశారు. ఆయన నన్ను ఏమీ అనలేదు గానీ, ఆ రోజు ఏలూరు నుంచి బస్సులో పక్కపక్కన కూర్చుని వస్తూ మాట్లాడుకోలేకపోయాం.

సాక్ష్యం సంగతి చెప్పి ముగిస్తాను. బేరమంతా వాట్సాప్‌లోనే నడుస్తుంది కాబట్టి స్క్రీన్‌షాట్లు వేయాలి, వాటికి సర్టిఫికెట్టు జత చేయాలి. పాత సాక్ష్య చట్టంలో అది 65బి. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63. పాత నమూనా కాపీ కొట్టి 65బి అని టైపు చేసే గుమాస్తాలు ఇంకా ఉన్నారు, చూసుకో. కేసు తేలేదాకా క్లయింటు ఫోను మార్చకూడదని గట్టిగా చెప్పు. ఒకాయన తాడేపల్లిగూడెంలో ఎక్స్ఛేంజిలో పాత ఫోనిచ్చి కొత్తది తెచ్చుకుని, "అన్నీ ఇందులోకి వచ్చేస్తాయన్నాడండీ షాపువాడు" అన్నాడు. ఏమీ రాలేదు. చిరునామా దగ్గర ఇంకో చిన్న తలనొప్పి: 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక నల్లజర్ల తూర్పు గోదావరిలోకి వెళ్ళింది, గూడెం పశ్చిమ గోదావరిలో ఉంది, ఏలూరు వేరే జిల్లా అయింది. కొందరి ఆధార్‌లో ఇంకా పాత జిల్లాయే. ఫిర్యాదులో ఆ సంగతి ఒక్క వాక్యం రాసేస్తే ఆఫీసు అబ్జెక్షన్‌తో కాగితాలు తిరిగిరావు.

రాజీ కుదిరాక వాళ్ళొక కాగితం పంపుతారు, ఇక ఏ క్లెయిమూ లేదని సంతకం పెట్టమని. డబ్బు ఖాతాలో పడ్డ మెసేజ్ చూశాకే సంతకం పెట్టించు. అందులో సభ్యత్వ నంబరు రద్దయినట్టు, ఏటా కట్టే మెయింటెనెన్స్ బకాయి ఏమీ లేనట్టు రాయించు. రాయించకపోతే వచ్చే ఏడాది ఆ బిల్లు మళ్ళీ అదే ఇంటికి వస్తుంది.